చూడకుండా చెప్పినవాళ్లు, చూస్తానన్న డాక్టరు

వడ్లు రోడ్డు మీద ఆరబోసిన మూడో రోజు పొద్దున, మరుగుదొడ్డి పింగాణీ మీద ఎర్రటి చుక్కలు కనబడ్డాయి. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నాకు నచ్చలేదు. పన్నెండేళ్ల కిందట మా అన్నకు కూడా ఇలాగే మొదలైంది.

మాది విడవలూరు దగ్గర పల్లె. నాకు డెబ్బై రెండేళ్లు. బడి ఐదో తరగతితో ఆగింది. ఆ తర్వాత చేతికి దొరికిన ప్రతి కాగితమూ చదివి నేర్చుకున్నాను. మా అన్నకు రెండేళ్లు మొలల మందే ఇచ్చారు. వేడి చేసిందన్నారు, కంద తినమన్నారు, కాలవ నత్తలు వండి పెట్టమన్నారు. చివరికి నెల్లూరులో పరీక్ష చేసి కేన్సర్ అన్నారు, ఆలస్యమైందన్నారు. అంతకుముందు మందిచ్చిన వాళ్లందరి పేర్లూ నాకు వరసగా గుర్తే.

రక్తం సంగతి మా ఆవిడ సుబ్బమ్మకు చెప్పలేదు. నా పంచెలు ఉతికేది ఆమే కాబట్టి చెప్పనక్కర లేకపోయింది.

మొదట బస్టాండు పక్కన ఒక బోర్డు చూసి లోపలికి వెళ్లాను. ఆపరేషన్ లేకుండా మూడు రోజుల్లో మొలలు మాయమట. కుర్చీలో ఉన్నాయన నా నాలుక చూశాడు.

"మొలలే పెద్దాయనా. వేడి శరీరం నీది."

"చూడకుండా ఎట్టా చెప్తావయ్యా?"

"ముఖం చూస్తే తెల్సిపోద్ది."

"నా ముఖాన ఉండాయా మొలలు?"

ఆయన ఇచ్చిన మందు పొట్లం తిప్పి చూశాను. దేనితో చేశారో ఒక్క అక్షరం లేదు. ఇంజెక్షన్ పొడుస్తానన్నాడు. సీసా చూపించమంటే సొరుగులో పెట్టేశాడు. పొట్లం బల్ల మీదే వదిలి వచ్చాను.

సుబ్బమ్మ నన్ను నెల్లూరు తీసుకుపోయింది. అక్కడి సర్జన్‌కు మా కూతురి వయసు కూడా లేదు. బరువు తగ్గారా, విరేచనం తీరు మారిందా, ఇంట్లో ఎవరికైనా కేన్సర్ వచ్చిందా అని అన్నీ అడిగింది. తర్వాత, "ఆ బల్ల మీద పక్కకు తిరిగి పడుకోండి, చూడాలి" అంది.

"మందు రాయమ్మా, చాలు."

"చూడకుండా రాయను తాతగారూ."

ఇప్పుడు చూస్తానంటుంది, తర్వాత కోస్తానంటుంది అనుకుని లేచి వచ్చేశాను. వరండాలో సుబ్బమ్మ అడ్డంగా నిలబడింది.

"ఏందయ్యా, అంతలోనే వచ్చినావు?"

"ఆడపిల్ల గదమ్మే. చూస్తానంటా ఉంది."

"ఆ పిల్లకి లేని సిగ్గు నీకెందుకు? మీ అన్నను ఒక్కడూ చూళ్లేదని ఊరంతా తిట్టుకుంటా తిరిగినావే!"

"నిజమే గదా."

"ఏం నిజం? కోవూరు డాక్టరు పడుకోమంటే, పంచె బిగించుకోని బయటికొచ్చినాడు గదా మీ అన్న. బండి ఎక్కించుకోని ఇంటికి తెచ్చిందెవురు?"

తెచ్చింది నేనే. ఆ డాక్టరును కూడా ఇన్నేళ్లూ మిగతావాళ్లతో కలిపి తిట్టాను. లోపలికి తిరిగి వెళ్లి బల్ల మీద పడుకున్నాను.

వేలితో ఒక పరీక్ష, తర్వాత ప్రాక్టోస్కోప్ అనే చిన్న గొట్టంతో ఇంకొకటి. ఐదు నిమిషాలు పట్టలేదు. నొప్పి కంటే నేను బిగుసుకుపోవడమే ఎక్కువ.

"మొలలే, గ్రేడ్ టూ. కానీ మీ వయసుకి, మీ అన్నగారి సంగతికి, పైదాకా చూడకుండా రక్తమంతా వీటిదే అని చెప్పలేను. కొలనోస్కోపీ చేద్దాం, కెమెరా గొట్టంతో పెద్దపేగంతా చూస్తాం" అంది.

ఒప్పుకోలు కాగితం మూడుసార్లు చదివి సంతకం పెట్టాను. ముందురోజు తాగించిన మందుకు పేగులు కడిగినట్టయ్యాయి. లోపల పాలిప్ అనే చిన్న కండ బుడిపె ఉంటే తీసేసి బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా నర్సు నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. కేన్సర్ కాదని వచ్చింది. "ఇలాంటివి కొన్ని వదిలేస్తే ఏళ్ల మీద కేన్సర్ అవుతాయి. చెప్పిన గడువుకు మళ్లీ రండి" అంది డాక్టరమ్మ.

తర్వాత మొలలు ఎండి రాలిపోయేలా వాటి మొదట్లో రబ్బరు బ్యాండ్ వేసింది. వారం దాటాక మళ్లీ రక్తం పడింది. మోసపోయానని కేకలేసుకుంటూ వెళ్లాను. ఆమె మళ్లీ చూసి, బ్యాండ్ రాలేటప్పుడు కాస్త పడుతుందని, ఆగకుండా పోతే మాత్రం వెంటనే రావాలని చెప్పింది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో అదే రాసి ఉంది. అదొక్కటే నేను చదవని కాగితం.

"వడ్ల దగ్గర కూర్చున్నప్పుడు నీళ్లు తాగుతారా?" అని అడిగింది.

"తాగితే లేవాల. లేస్తే ఎవుడో తట్టెడు ఎత్తుకపోతాడు."

"అందుకని విరేచనం కూడా ఆపుకుంటారా?"

నలభై కోతల నుంచి ఆపుకుంటున్నాను. ఆపితే గట్టిపడుతుంది, గట్టిపడితే ముక్కాలి, ముక్కితే అక్కడి రక్తనాళాలు ఉబ్బుతాయి. ఆమె బొమ్మ గీసి చూపించింది. నీళ్లు, ఆకుకూరలు, రాత్రి ఇసబ్‌గోల్, మంటగా ఉంటే గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో కాసేపు కూర్చోవడం. మరుగుదొడ్లో పేపరు చదవొద్దంది. అది కష్టమైంది, కానీ మానేశాను.

ఇప్పుడు రక్తం లేదు. వడ్లు ఆరబోస్తే పక్కవాడికి చెప్పి లేచిపోతున్నాను. వాడి మీద అనుమానం పోలేదు, అయినా లేస్తున్నాను. మా అన్న కొడుక్కి యాభై దాటాయి. వాడూ పరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ అంది. "నాకేమైంది చిన్నాయనా, దుక్కలాగుండా" అని నవ్వాడు. కోవూరు డాక్టరు చూడకముందే వాళ్ల నాయనను ఆ రోజు బండి ఎక్కించుకుని తెచ్చింది నేనేనని వాడికి చెప్పాను. నవ్వు ఆపి, ఎప్పుడు పోదామని అడిగాడు.

చదివేవాళ్లకు చెప్పేది ఒక్కటే. రక్తం కనబడితే మొలలేనని మీరే పేరు పెట్టుకోకండి. చూడకుండా మందిచ్చేవాడి దగ్గర నుంచి లేచి రండి. చూస్తానన్న డాక్టరు దగ్గర మాత్రం లేవకండి.