కూర్చున్న సింహాలు, నడిచే సింహం

ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పే పాము అసలు పాముకంటే ఎప్పుడూ మూడు మూరలు ఎక్కువుంటుంది. ఆ మూడు మూరలూ ఎవరికి వారు కోసేసుకుని చదువుకోండి. భయాన్ని మాత్రం కోయకండి, అది కొలతకు సరిగ్గానే ఉంది.

మా నాయన తెల్లదొరల కాలంలో భద్రాచలం దగ్గరి ఫారెస్టు బంగళాలో వంటమనిషి. దొర పోతూ పోతూ తనకు వెండి చాయ్ సామాను ఇచ్చి పోయాడని ఆయన అంటుంటే మేము నవ్వేవాళ్ళం. నాయన పోయాక బియ్యం డ్రమ్ము అడుగున నిజంగానే దొరికింది: కెటిలు, పాల జగ్గు, చక్కెర గిన్నె. కెటిలు ఎంత పెద్దదంటే, పెళ్ళివారందరికీ సరిపడా చాయ్ పోశాక కూడా అందులో పెళ్ళికొడుకును కూర్చోబెట్టే జాగా మిగులుతుంది.

వాడని వెండి ఇంట్లో ఎందుకు, అమ్మేసి కుట్టుమిషను కొందామంది నా భార్య. నేనప్పుడు పినపాక బళ్ళో కొత్త పంతులును. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. సామానంతా ఆమె పాత చీరలో మూటగట్టుకుని ఖమ్మం బస్సెక్కాను. గుంత వచ్చినప్పుడల్లా మూట ఊరేగింపు బ్యాండులా మోగింది.

వెండి దుకాణం ముసలాయన కెటిలు బోర్లించి, కంటికి అద్దం పెట్టుకుని అడుగు భాగం చూశాడు. నా లెక్కలో అరపూట చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"సారూ, దీని మీద సింహం ముద్రున్నది. గిది సర్కారుది కాదు గదా?"

నా అపాయింట్‌మెంట్ ఆర్డరు మీద ఉన్నదీ సింహాలే. నాయన ఇచ్చాడన్నాడు సరే, దొర ఇవ్వకుండానే తెచ్చుకుని ఉంటే? బంగళా సొత్తు అమ్ముతూ సర్కారు పంతులు దొరికాడంటే ఉద్యోగానికి ఆ రోజే ఆఖరు. పైగా, పోయిన తండ్రిని ఖమ్మం బజారులో దొంగను చేసిన కొడుకునవుతాను.

సరిగ్గా అప్పుడే ఒక కానిస్టేబుల్ లోపలికొచ్చాడు. తలుపుకు రెండు వైపులా మీసాలు తగిలాయి. కూతురి పట్టీ తెగిందట, అతికించాలట. ముసలాయన కెటిలును ఒళ్ళోకి లాక్కున్నాడు. నేను మూత పట్టుకున్నాను. చెయ్యి వణికి అది టకటకా మోగుతుంటే, మోగకుండా రెండో చెయ్యి వేశాను. అదీ వణికింది.

"ఏంది సారూ గది?" అన్నాడు కానిస్టేబుల్.

పాల గిన్నె అన్నాను. కాదు, కెటిలన్నాను. మా నాయనది అన్నాను. ఎవరూ అడక్కుండానే మా నాయన చాలా మంచివాడని కూడా చెప్పాను.

అతను కెటిలు తీసుకుని తిప్పాడు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి పక్కన పెట్టి రెండింటినీ చూశాడు.

"సర్కారు సింహాలు మూడు కనవడ్తయ్ సారూ. కదలకుండ కూసుంటయ్. ఇదొక్కటే ఉన్నది, కాలెత్తి నడుస్తున్నది. గిది సర్కారుదెట్లయితది? దొర సొంతానిది. ఇష్టమైనోళ్ళకు ఇచ్చుకుంటడు."

ఇక కోసెయ్యాల్సిన మూడు మూరల సంగతి. ముసలాయన ప్రశ్న నిజం, నా వణుకు నిజం, కానిస్టేబుల్ రావడమూ నిజమే. కానీ అతను కెటిలు వైపు చూడనేలేదు. పట్టీ ఇచ్చి, సాయంత్రం వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. అతని వీపు కనబడగానే నేను సామాను మూటగట్టుకుని బస్టాండుకు పరుగెత్తాను. ఇంటికొచ్చి మళ్ళీ బియ్యంలో పూడ్చిపెడుతుంటే నా భార్య సంగతి విని, చెయ్యి పట్టుకుని ఆపింది. కొంగుముడిలోంచి రూపాయి తీసి కెటిలు పక్కన పెట్టిందీ, ఆ సింహాల మాట అన్నదీ ఆమే. ఇల్లు కదలని మనిషి ఒక్క చూపులో తేల్చినదాన్ని నేను ఖమ్మం దాకా పోయి తేల్చలేకపోయానని ఒప్పుకోవడం ఇష్టంలేక, ఇన్నేళ్ళూ ఆమె మాటను మీసాల కింద దాచాను.

కెటిలు అమ్మలేదు. సింహం నడిచేదని, సర్కారుది కాదని తెలిసినా, ఆ దుకాణం మెట్లు ఎక్కడానికి నాకు కాళ్ళు ఆడలేదు.