వెనక్కి తిరిగిన ముల్లు

అప్పట్లో అరకులో నాకు బ్యాటరీల కొట్టు ఉండేది. మైదానం నుంచి వచ్చినవాణ్ణి, చేతిలో మీటరు ఉంటే ఎవరితోనైనా వాదనకి దిగే రకాన్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మా వైపు వ్యాపారి ఒకాయన కాఫీ తోట మధ్య, కొండవాలున అతిథిగృహం కట్టాడు. రోడ్డు నుంచి గదుల దాకా జనాన్ని చేరవేయడానికి, పట్నంలో ఎవరో వదిలించుకున్న గోల్ఫ్ బండి కొనుక్కొచ్చాడు. వెనక ఇనుప బెంచీ వెల్డింగ్ చేయించాడు. లైట్లూ టేపురికార్డరూ నన్ను బిగించమన్నాడు. ఆ బండిలో ఆరేసి వోల్టుల బ్యాటరీలు ఆరు వరసగా కలిపి ఉంటాయి. లైట్లకి పన్నెండు చాలు కదా అని మొదటి రెండింటి నుంచి తీగ లాగేశాను. పావుగంట పని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బండి నడిపేది పెదబయలు వైపు కొండరైతు, నలభై దాటిన మనిషి. కాఫీ గింజ ఎండిందో లేదో అరచేత్తో పట్టి చెప్పేస్తాడని తోటలో పేరు. రెండు నెలలు తిరక్కుండానే నా కొట్టుకి వచ్చాడు.

"బాబూ, బండి మిట్ట ఎక్కడం నేదు. మద్దిలో ఆగిపోయి ఎనక్కి జారతంది. కింద గెడ్డ పారతంది. జనం కూకుంటారు గదా, నాకు బయమేత్తంది."

వెళ్లి చూశాను. నిలిచిన బండికి మీటరు పెడితే ముప్పయ్యారు వోల్టులూ నిక్షేపంగా ఉన్నాయి. చదును మీద నడిపితే హాయిగా పరుగెత్తింది. అతను సీటు ఎత్తి ఒక్కో బ్యాటరీ మీదా చెయ్యి వేశాడు.

"ఈ రొండోది ఏడిగుంది బాబూ. మిగతావి సల్లగున్నాయి."

"నీ సెయ్యేటి, మీటరా? సార్జింగు సరిగ్గా ఎట్టు, అదే ఎక్కుతాది," అన్నాను.

పక్కనే ఉన్న యజమాని ఆ మాట అందుకున్నాడు. "నాను సెప్తూనే ఉన్నాను మేస్త్రీ, ఈడు ప్లగ్గు ఎట్టకుండా తొంగుంటన్నాడు. ఇంకోపాలి ఆగిందంటే పన్లోంచి తీసేత్తాను."

రైతు నా వైపు చూశాడు. నేను సామాను సర్దుకున్నాను.

వారం తిరిగేసరికి ముగ్గురు మనుషులతో బండి వెనక్కి జారి గట్టుకి కొట్టుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మర్నాడు పొద్దున్నే నాకు కబురొచ్చింది. మంచు ఇంకా విడలేదు, గెడ్డ పారే చప్పుడు వినిపిస్తోంది గానీ నీళ్లు కనిపించడం లేదు. జనం బరువుకి బదులు రెండు సిమెంటు బస్తాలు వేయించి, సీటు తీసేసి, బ్యాటరీల పక్కన మీటరుతో కూర్చున్నాను. రైతు బండిని మిట్ట మీదికి తోలాడు. మొదటి బ్యాటరీకి పెడితే మీటరు ముల్లు బాగా పడిపోయింది. రెండోదానికి పెట్టాను. ముల్లు సున్నా దగ్గర ఆగకుండా ఎడమకి తిరిగిపోయింది. ఆ బ్యాటరీ శక్తి ఇవ్వడం మానేసి, మిగతావాటి శక్తినే తినేస్తోంది. చెయ్యి వేస్తే కాలింది. బండి ఆగింది. చక్రాలు మెల్లగా వెనక్కి దొర్లడం మొదలుపెట్టాయి. అతను బ్రేకు మీద నిలబడి బండిని గట్టు వైపు తిప్పకపోతే ఇద్దరం గెడ్డలో ఉండేవాళ్లం.

గట్టుకి ఆనుకుని ఆగాక నా కళ్లు ఆ తీగ మీద పడ్డాయి. లైట్లూ పాటలూ రోజూ ఆ రెండింటినే పీల్చేశాయి. రాత్రంతా చార్జింగు పెట్టినా మిగతావి నిండేసరికి ఇవి సగంలోనే ఉండిపోయేవి. తప్పు నాది.

అతిథిగృహం దగ్గర యజమాని ఎదురొచ్చాడు. "ఏటైంది?"

"రెండో బ్యాటరీ పోయింది."

"సార్జింగు నేకే గదా?"

రైతు నా వెనకే నిలబడి ఉన్నాడు. "అదీ ఒక కారణమే," అన్నాను.

ఆ మధ్యాహ్నం కొత్త బ్యాటరీ వేసి, లైట్లకి వేరే బ్యాటరీ అమర్చి, నా పాత తీగ పీకి జేబులో పెట్టుకున్నాను. మర్నాటి నుంచి బండి నడపడానికి వేరే మనిషి వచ్చాడు.

వారం పోయాక, సంతరోజున ఆ రైతు కొట్టుకి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. అతను గుమ్మంలోనే కూర్చున్నాడు.

"సార్జింగు ఎలాగెట్టాలో నేర్పుతావా బాబూ? నానైతే రోజూ ఎట్టాననే అనుకున్నాను. సేతికి తెలుత్తాదనీ అనుకున్నాను. నువ్వు సెప్పావంటే నాదే తప్పయ్యుంటాది."

చార్జరు తెచ్చి అతని ముందు పెట్టాను. ఎర్రది ఇక్కడ, నల్లది అక్కడ అని చూపించాను. అతను శ్రద్ధగా విని, తిరిగి అప్పజెప్పాడు. ఒక్కటీ తప్పు పోలేదు.