ఈత సిలార్ కొలనులో చివరి నీళ్ళు

చింతలదిన్నెలో టౌన్‌హాలు ఎక్కడుండేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలంటే సెల్‌ఫోన్ కొట్ల కాంప్లెక్సు చూపించాలి. ఆ కాంప్లెక్సు వెనక, బళ్ళు పెట్టుకునే చోట, ఒకప్పుడు తొమ్మిదడుగుల లోతు నీళ్ళుండేవంటే ఒక్కడూ నమ్మడు. నమ్మించే పని సిలార్ ఎప్పుడో మానేశాడు.

ఇరవై రెండేళ్ళు ఆ ఈతకొలను గట్టు మీదే గడిపాడతను. మున్సిపాలిటీ కాగితాల్లో షేక్ సిలార్, ఊరందరికీ ఈత సిలార్. మెళ్ళో ఈల, చేతిలో వెదురు గెడ, గెడ చివర కట్టిన సైకిల్ టైరు. ఎవడన్నా మునుగుతుంటే ఆ టైరు ముందు పడేసి గట్టుకు లాగేసేవాడు. పంపు కింద ఒళ్ళు తడుపుకోకుండా దిగితే ఎంత పెద్దింటి పిల్లాడైనా సరే, ఈల ఊది పైకి రప్పించేవాడు. ఆ కొలనులో ఒక్క ప్రాణం పోలేదు. సిలార్‌కున్న గొప్పంతా అదే. పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్ళకు పప్పు వడ్డించేలోపే ఆ సంగతి చెప్పేసేవాడు.

"గొప్పంతా నా హాలుదిరా" అనేవాడు చెంచయ్య. టౌన్‌హాలు వాచ్‌మన్. ఊళ్ళో నాటకాలు, సన్మానాలు, పెళ్ళిళ్ళు అన్నీ ఆ పెంకుల కప్పు కిందే. చెంచయ్యకు నీళ్ళంటే హడల్. గట్టుకు రెండు గజాల అవతలే ఆగిపోయి అక్కణ్ణుంచే కేకలేసేవాడు.

"నీ గుంటలో ఏముందిరా, పిల్లకాయల ఉచ్చ తప్ప?"

"నీ కొట్టంలో ఏముందిలే, గబ్బిలాలు తప్ప!"

ఇద్దరూ ఎంత పోట్లాడుకున్నా హాలునూ కొలనునూ కలిపే గొట్టం ఒకటుండేది. కట్టినప్పుడు ఏ ఇంజనీరుకు తట్టిందో గానీ, హాలు కప్పు మీద పడిన వానంతా ఆ లావుపాటి గొట్టంలోంచి కొలను లోతు వైపుకే దూకేది.

రెండువేల రెండులో వాన మొహం చాటేసింది. బోరు ఎండింది, కొలను ఎండింది. మున్సిపాలిటీ వాళ్ళు గేటుకు తాళం వేసి, తాళంచెవి సిలార్‌కే ఇచ్చి, మళ్ళీ అటు తొంగి చూడలేదు. సిలార్ మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి ఎండిన టైల్స్ ఊడ్చేవాడు.

మరుసటేడు ఏప్రిల్‌లో పున్నమ్మ వచ్చింది. మొగుడు పోయాక ఎకరన్నర కౌలుకు తీసుకుని మిరప వేసిన మనిషి. నీళ్ళు మోసి మోసి బతికించుకున్న పంట.

"సిలారన్నా, నీ కొలను పళ్ళెంలాగా నున్నగుంది. నా కాయలు పదిరోజులు ఆరబోసుకోనియ్యవా? కల్లం కాడ మేకలతో, పందులతో చస్తన్నా."

"ఆఫీసోళ్ళు చూశారంటే నా ఉద్యోగం ఊడుద్ది పున్నమ్మా."

"వాళ్ళిటు మొహం పెట్టి ఎన్నాళ్ళయిందంట?"

అదీ నిజమే. పైగా ఖాళీ కొలనును చూసి చూసి సిలార్‌కు గుండె బరువెక్కిపోయి ఉంది. సరేనన్నాడు.

మర్నాటికల్లా కొలను నిండా మిరపకాయలు. మురుగు తూములోంచి పందికొక్కులు వస్తున్నాయని పున్నమ్మ గోల పెడితే, సిలారే నాలుగు గోనెసంచులు ఆ తూములో కుక్కి, పైన బండరాయి దొర్లించాడు. ఎండిన కాయల్ని లోతు వైపు రాశి పోసి, పైన టార్పాలిన్ పట్టా కప్పారు. పట్టా జారకుండా మధ్యలో నిట్రాటలా ఒక కర్ర కావాల్సొచ్చింది. సిలార్ తన గెడ తెచ్చి నిలబెట్టాడు. నీళ్ళు లేని కొలనులో గెడతో పనేముంది?

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడింటికి వినుకొండ వైపు నుంచి మబ్బు లేచింది. రోడ్డవతల టీ కొట్లో ఉన్న సిలార్ గ్లాసు కిందపెట్టేలోపే వడగళ్ళు మొదలయ్యాయి. అతనికి మొదట గుర్తొచ్చింది గొట్టం. ఆ వెంటనే గుర్తొచ్చింది తూములో తను కుక్కిన గోనెసంచులు.

పరుగెత్తాడు.

అప్పటికే గొట్టంలోంచి తొడ లావున నీళ్ళు దూకుతున్నాయి. వీధి కాలువ కూడా పొంగి, ప్రహరీ కూలిన చోట నుంచి లోపలికి తిరిగింది. కొలను లోతు వైపు నడుం లోతు నీళ్ళు, రక్తంలా ఎర్రగా. అందులో నిలబడి పున్నమ్మ కాయలు బస్తాల్లోకి ఎత్తుతోంది.

"పైకి రా పున్నమ్మా! పైకొచ్చెయ్!"

"ఇంకో రెండు బస్తాలున్నయ్యన్నా! వస్తన్నా!"

అంటూనే వంగి పట్టా కింద దూరింది. వడగళ్ళ బరువుకు పట్టా పొట్టలా కిందికి వేలాడుతోంది. టైల్స్ మీద గెడ జారింది. పట్టా మొత్తం చప్పున నీళ్ళ మీద పడి పరుచుకుంది. పున్నమ్మ లేదు.

సిలార్ చెయ్యి అలవాటుగా గోడ మూలకు వెళ్ళింది, గెడ కోసం. అక్కడ గెడ లేదు. దూకేశాడు.

ఇరవై రెండేళ్ళలో ఏ నీళ్ళూ అతన్ని అలా కొట్టలేదు. కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. మూసిన రెప్ప మళ్ళీ తెరుచుకోలేదు. ఊపిరి తీస్తే దగ్గు, దగ్గితే గొంతులో మంట. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. చేతికి పట్టా అంచు దొరకడం లేదు. అంగుళం అంగుళం ఎరిగిన ఆ కొలనులోనే గుడ్డివాడైపోయాడు.

"చెంచయ్యా! కనపడట్లేదురా! యాడుందో చెప్పరా!"

హాలు అరుగు మీదున్న చెంచయ్య వచ్చాడు. గట్టుకు రెండు గజాల అవతల ఆగాడు. తర్వాత ఆ రెండు గజాలూ దాటాడు. తడి గట్టు మీద బోర్లా పడుకుని, తల లోపలికి వంచి అరిచాడు.

"కుడికి! పట్టా కింద కదులుతాంది, గుడ్డ ఉబ్బుతాంది! ఇంకా కుడికి, నీ తలకాయ! ఆ, నేరుగా!"

సిలార్ నడిచాడు. కాళ్ళ కింద మిరపకాయలు, మెత్తగా, జారుడుగా. పట్టా తగిలింది. లాగాడు. వడగళ్ళు, నీళ్ళు, బురద నిండి బండలా ఉంది.

"ఇప్పుడు యాడ? చెంచయ్యా, యాడ?"

పట్టా మీద అరచేత్తో చరిచాడు.

"చెంచయ్యా!"

"కదలట్లేదురా" అన్నాడు చెంచయ్య. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

సిలార్ పట్టా కిందికి మునిగాడు. చేతులతో తడిమాడు. గోనెసంచి. కాయలు. ఇంకో సంచి. ఛాతీ పగిలిపోతుందనిపించిన క్షణాన వేళ్ళకు రబ్బరు తగిలింది. సైకిల్ టైరు. అతని గెడ! దాన్ని పట్టుకుని పాక్కుంటూ పోయాడు. రెండో కొసన చీర కొంగు, కొంగు కింద మనిషి. గెడ కింద కొంగు ఇరుక్కుని లేవలేకపోయింది.

గెడను నిలువునా ఎత్తి, భుజానికి ఆనించి, కాళ్ళు తన్ని లేచాడు. పట్టా గుడారంలా పైకి లేచింది. పున్నమ్మ తల పట్టుకుని ఆ ఖాళీలోకి ఎత్తాడు. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత భళ్ళున దగ్గింది.

చెంచయ్య కండువా వేలాడదీశాడు. కిందనుంచి సిలార్ తోశాడు, పైనుంచి చెంచయ్య లాగాడు. మజ్జిగతో ముఖాలు కడిగేదాకా సిలార్‌కూ పున్నమ్మకూ కళ్ళు తెరుచుకోలేదు.

"కాయలన్నా?" అంది పున్నమ్మ.

"పోయినయ్."

ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని వణుకుతూ కూర్చుంది.

వాన వెలిశాక సిలార్ మళ్ళీ దిగి గోనెసంచులు పీకబోయాడు. ఒకటి చిరిగి చేతికొచ్చింది, మిగతావి తూములోనే ఉండిపోయాయి. వాటి సందుల్లోంచి ఎర్రనీళ్ళు బజారు కాలువ వెంట పారుతూ ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళాయి. మర్నాడు అధికారి వచ్చి ఎవరి పని అని అడిగితే పున్నమ్మ ఉబ్బిన కళ్ళతో ముందుకొచ్చింది.

"నేనే పోయమన్నానండి" అన్నాడు సిలార్, ఆమె నోరు తెరిచేలోపే. తాళంచెవి తిరిగి ఇచ్చేసి, ఈల మాత్రం జేబులో వేసుకుని ఇంటికెళ్ళిపోయాడు.

కొలనులో మళ్ళీ నీళ్ళు పెట్టలేదు. రెండేళ్ళకు హాలు కూడా కొట్టేశారు. ఆఖరున కొలను తవ్వడానికి ప్రొక్లెయినర్ వచ్చింది. డ్రైవరు వీరబాబు మార్టూరు క్వారీల్లో పనిచేసి వచ్చినవాడు. చేతిలో కొబ్బరికాయ పట్టుకుని చుట్టూ చూశాడు.

"ఇందులో ఎవరన్నా చచ్చారాండీ? చస్తే చెప్పండి, కాయ కొట్టందే నేను బండి దించను."

జనంలో పున్నమ్మ ఉంది. చెంచయ్య ఉన్నాడు. ఇద్దరూ సిలార్ వంక చూశారు.

"లేదు బాబూ" అన్నాడు సిలార్. "ఒక్కళ్ళూ లేరు."

వీరబాబు కొబ్బరికాయ సీటు కింద పెట్టేసి బండి దించాడు. మొదటి దెబ్బకే మురుగు తూము బద్దలైంది. అందులో ఎండిపోయిన గోనె పీలికలు, మిరప గింజలు దుమ్ములా లేచాయి. వీరబాబు దగ్గాడు. గట్టు మీదున్న వాళ్ళంతా దగ్గడం మొదలుపెట్టారు, కళ్ళు తుడుచుకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుతూ.

"చూడరా, పోతా పోతా అందర్నీ ఏడిపిస్తంది నీ గుంట!" అన్నాడు చెంచయ్య కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని.

సిలార్ కళ్ళు తుడుచుకోలేదు.