మావయ్యతో రోము వీధుల్లో

గన్నవరంలో మా వీధి చివరి మందుల షాపుకి బెజవాడ నుంచి ఫోను వచ్చిందని కబురు వచ్చేసరికి నేను డ్యూటీకి బయల్దేరుతున్నాను. మా మావయ్య పోయారు. తెల్లవారాక కాఫీ అడిగి, అత్తయ్య గ్లాసు తెచ్చేలోపే కుర్చీలో తల వాల్చేశారట. నర్సుగా ఎన్నో చావులు దగ్గరుండి చూశాను. అయినా ఫోను పెట్టేశాక షాపతను జరిపిన స్టూలు మీద కూర్చుండిపోయాను. రోజూ ఎక్కే బస్సు ఎక్కడ ఆగుతుందో కాసేపు గుర్తుకు రాలేదు.

ఆయన మా అమ్మకు అన్నయ్య. నా చిన్నప్పుడే మా నాన్న పోతే నన్ను చేరదీసి, చదివించి, నర్సు ట్రైనింగుకి పంపింది ఆయనే. బెజవాడలో ఒక కాలేజీలో చరిత్ర లెక్చరరుగా పనిచేసేవారు. తెల్ల చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచేవారు, సుద్దముక్క పట్టుకునే చేతికి మాత్రం మడత ఇంకొంచెం పైకి ఉండేది. కాఫీ ఎప్పుడూ గుమ్మంలో నిలబడే తాగేవారు. సాయంత్రాలు బందరు కాలువ గట్టు మీద నడకకు వెళ్తే వెనకాల ఎవరో ఒకరిద్దరు విద్యార్థులు ఉండేవాళ్లు. క్లాసులో పుస్తకం తెరిచేవారు కాదట. “ఇప్పుడు కుడిపక్కకి తిరుగుదాం” అని మొదలుపెట్టి, తాను ఎన్నడూ చూడని రోములో పిల్లల్ని వీధి వీధీ తిప్పేవారట. “తారీకులు పరీక్ష దాకా గుర్తుంటే చాలు. మనుషులు ఎటు నడిచారో మాత్రం మర్చిపోకండి” అనేవారని ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పటికీ చెప్తారు.

ఆయన కళ్లకు నీటికాసులు, అదే గ్లాకోమా, వచ్చాయి. ఇంట్లో అందరం శుక్లాలే అనుకున్నాం. ముదిరాక ఆపరేషన్ చేయిస్తే పోతుందని చూస్తూ ఊరుకున్నాం. తీరా డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి కంటి నరం చాలావరకు ఎండిపోయింది, ఉన్న చూపైనా నిలుస్తుందని చెప్పలేనన్నాడు డాక్టరు. రిటైర్మెంటుకు ఇంకా కొన్నేళ్లుండగానే మావయ్య ఉద్యోగం మానేశారు. నడక మానేశారు. విద్యార్థులెవరైనా వస్తే పడుకున్నానని చెప్పమనేవారు. అత్తయ్య అలాగే చెప్పి పంపేసేది. లోపల ఆయన మెలకువగానే ఉండేవారు.

అంతకు ముందెప్పుడో మా వైపు ఊళ్ల నుంచి కొందరు కేథలిక్కులు రోము యాత్రకు కూడబలుక్కున్నప్పుడు మావయ్యా అత్తయ్యా తమ పేర్లు ఇచ్చారు. ఆ ఏర్పాట్లు ఏళ్ల తరబడి సాగి, తీరా ప్రయాణం ఖాయమయ్యేసరికి అత్తయ్యకు మోకాళ్లు పట్టేశాయి. మావయ్య తానూ వెళ్లనన్నారు. అత్తయ్య నన్ను పిలిపించింది.

“కళ్లు బాగున్నప్పుడు వెళ్లలేకపోయారు. ఆ మిగిలిన కాస్త వెలుగూ పోయాక వెళ్లినా ఒకటే, మానినా ఒకటే. నాకు బదులు నువ్వెళ్లు. యాత్రకు తీసుకెళ్లే ఫాదర్ గారికి మాత్రం కళ్ల సంగతి చెప్పకమ్మా, తెలిస్తే వద్దంటారు” అంది.

అలా మేం బయల్దేరాం. దారి పొడవునా మావయ్య నల్లద్దాలు తీయలేదు. నా భుజం మీద చెయ్యి వేసి నడుస్తుంటే చూసేవాళ్లకు పెద్దాయన కూతురి ఆసరా తీసుకుంటున్నాడనే అనిపించేది. మమ్మల్ని నడిపించే ఫాదర్ గారు కూడా అంతే అనుకున్నారు.

రోములో మమ్మల్ని నడిపిస్తూ ఊరు చూపించడానికి ఒక పొడుగాటి ఇటాలియన్ ఆవిడ వచ్చింది. చేతిలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర ఉండేది. ఆ కర్ర ఎత్తితే కదలాలి, దించితే ఆగాలి. ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోయేది. మా గుంపులో సగంమంది కంకిపాడు, పామర్రు చుట్టుపక్కల వ్యవసాయం చేసుకునేవాళ్లు. వాళ్లకు ఆ మాటలు ఒక్కటీ అందక, ఎర్రగుడ్డ వంకే చూస్తూ నడుస్తున్నారు. వాళ్లలో లూర్దమ్మ గారని కంకిపాడు అవతలి పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ ఉంది. ఆవిడ మావయ్య పక్కకు చేరి, ఆ దొరసాని ఏమంటోందని అడిగింది. మావయ్య మెల్లగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. గైడు చెప్పింది చెప్పి, చెప్పనిది కూడా చెప్పారు. ఈ రాళ్ల దారిన ఎవరెవరు నడిచారో, గెలిచి వచ్చినవాళ్లు ఎటు నుంచి వచ్చేవాళ్లో, ఓడిపోయినవాళ్లను గొలుసులతో ఎక్కడికి నడిపించేవాళ్లో చెప్తుంటే, కాసేపటికి మా వాళ్లంతా ఆయన చుట్టూ చేరారు. చాలాకాలం తర్వాత ఆ గొంతు విన్నాను.

పాత శిథిలాల మధ్య ఆ నల్లరాళ్ల దారి దిగుతుండగా ఎదురుగా ఇంకో దేశంవాళ్ల గుంపు వచ్చి మా మధ్యలోంచి దూసుకుపోయింది. నా భుజం మీది చెయ్యి జారిపోయింది. ఆయన పిలవలేదు. ఒక్క అడుగు ముందుకు వేశారు, పడిపోయారు. అద్దాలు ఎగిరి ఆయన చేతికి జానెడు దూరంలో పడ్డాయి. ఆయన ఇటూ అటూ నేలంతా తడుముతున్నారు, చెయ్యి మాత్రం వాటి పక్కనుంచే పోతోంది. అందరూ చూశారు. గైడు కర్ర దించేసింది.

నేను మావయ్య మోకాలికి కట్టు కట్టాను. ఫాదర్ గారు చెడ్డమనిషి కాదు. అంతమందిని క్షేమంగా ఇంటికి చేర్చాల్సిన భారం ఆయనది. సిస్టర్ల మఠంలోని మా బసకు చేరాక మావయ్య పక్కన కూర్చుని, మీకేదైనా అయితే ఇంట్లో అమ్మగారికి నేనేం సమాధానం చెప్పాలి, రేపటి నుంచి ఇక్కడ సిస్టర్ల దగ్గరే విశ్రాంతి తీసుకోండి అన్నారు. మావయ్య సబబేనన్నారు. నన్ను పిలిచి, రేపు నువ్వెళ్లి చూసొచ్చి నాకు చెబుదువుగానిలే అని, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. బెజవాడలో ఆయన అలాగే పడుకునేవారు. మళ్లీ ఆ గదిలోకే వెళ్లిపోయారనిపించింది నాకు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర లూర్దమ్మ గారు తన పళ్లెం పక్కన పెట్టి లేచి, ఫాదర్ గారి ఎదుట నిలబడింది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు ఆవిడ.

“ఫాదర్ గారూ, మాస్టారు రాకపోతే రేపు నేనూ రానండి. ఆ దొరసాని చెప్పేది నాకు ఒక్క ముక్క అర్థమవదు. ఆయన చెప్తుంటేనే గదండీ, మనం ఎక్కడ నిలబడ్డామో తెలిసింది. ఆయనకి కళ్లు లేకపోతే మాకున్నాయి. ఏముందో మేం చూసి చెప్తాం, అదేంటో ఆయన చెప్తారు.”

పామర్రు నుంచి వచ్చిన రైతు ఒకాయన, అవసరమైతే ఎత్తుకుని తీసుకొస్తామన్నాడు. ఫాదర్ గారు చేతిలోని రొట్టె ముక్క పూర్తిచేసి, నీళ్లు తాగి, మాస్టారిని పొద్దున్నే తయారుగా ఉండమనండి అన్నారు. ఆ మాట చెప్పడానికి నేను గదిలోకి వెళ్తే మావయ్య లేచి కూర్చుని, తన తెల్ల చొక్కా ఉతికినది ఉందా అని అడిగారు.

మర్నాడు ఒక పక్క నేను, ఒక పక్క లూర్దమ్మ గారు. పాత రోమన్ల కాలంనాటి గుండ్రటి గుడి ఒకటి ఉంది, తర్వాత దాన్ని మేరీమాత గుడిగా మార్చారు. ముందు వసారాలో స్తంభాలను ముగ్గురు చేతులు కలిపి కొలిచి మరీ ఆయనకు చెప్పారు మా వాళ్లు. లోపలికి వెళ్లగానే లూర్దమ్మ గారు పైకి చూసి, నడిమధ్య కప్పు లేదండి మాస్టారూ, కట్టడం మర్చిపోయారంటారా అని అడిగింది. మావయ్య నవ్వారు. దీనికి కిటికీలు లేవనీ, ఎండైనా వానైనా అక్కడినుంచే లోపలికి రావాలనీ చెప్పి, పడిన నీళ్లు పోవడానికి కింద బండల్లో చిన్న చిన్న రంధ్రాలుంటాయి వెతకమన్నారు. ఆడవాళ్లంతా నేల చూస్తూ బయల్దేరారు. ఇవిగోనండి, ఉన్నాయండి అని ఒకావిడ పిలిచింది.

“ఎండ గుండ్రంగా పడిందండి మాస్టారూ, కళ్లంలో చాప పరిచినట్టు” అంది లూర్దమ్మ గారు.

మావయ్య అక్కడికి తీసుకెళ్లమన్నారు. తీసుకెళ్లి మధ్యలో నిలబెట్టాం. ఆయన నల్లద్దాలు తీసి ముఖం పైకెత్తారు.

“ఇక్కడ తెల్లగా ఉందమ్మాయ్” అన్నారు.

అలాగే నిలబడ్డారు. గైడు కర్ర ఎత్తకుండా గోడవారన ఆగింది. కొంతసేపటికి ఆయన కళ్లనుంచి నీళ్లు కారాయి. ఎండకో, మరెందుకో, నేను అడగలేదు.

ఆఖరున సెయింట్ పీటర్స్ చర్చి చూశాం. మా వాళ్లు దాన్ని రాయప్ప గారి గుడి అనేవారు. అక్కడ ఆ అపోస్తలుడి కంచు విగ్రహం ఉంది. వచ్చినవాళ్లంతా తాకీ తాకీ దాని పాదం వేళ్లు తెలియనంతగా అరిగిపోయింది. మావయ్య దానిమీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచారు. “ఇది చూడ్డానికి కళ్లక్కర్లేదు” అన్నారు.

తిరిగొచ్చిన ఏడాదిలోపే ఆ మిగిలిన వెలుగు కూడా పోయింది. కానీ పడుకున్నానని చెప్పించడం మానేశారు. సాయంత్రం వసారాలో చాప పరిపించేవారు. డిగ్రీ తప్పిన పిల్లలు, పరీక్షలకు చదివేవాళ్లు వచ్చేవారు. పుస్తకం వాళ్లు చదివితే ఆయన చెప్పేవారు. లూర్దమ్మ గారు అప్పుడప్పుడు వచ్చి, బస్సులో తన ఊరికి తీసుకెళ్లేది. అక్కడ జనం మధ్య కూర్చుని ఆయన రోము సంగతులు చెప్తుంటే, ఎండ సంగతి వదిలేశారండి మాస్టారూ అని ఆవిడ మధ్యలో అందించేది. రోము చూశారా అని ఎవరైనా అడిగితే ఆయన చూశాననేవారు కాదు. “మా వాళ్లు చూపించారు” అనేవారు.

నా వార్డులో కళ్లకు కట్లతో పడుకున్నవాళ్లు ఉంటారు. మందులిచ్చాక వాళ్ల దగ్గర కాసేపు కూర్చుని, కిటికీలోంచి ఏం కనబడుతోందో చెప్తాను. అది ఎవరు నేర్పారో వాళ్లకు తెలియదు. అందుకే ఇక్కడ చెప్తున్నాను.

మావయ్యను సమాధుల తోటకు తీసుకెళ్లేసరికి ముసురు పట్టింది. డెల్టా అంతా నాట్ల రోజులు. లూర్దమ్మ గారూ, ఆవిడ ఊరి ఆడవాళ్లూ కబురు అందగానే చేలోంచి అలాగే బస్సెక్కి వచ్చేశారు. మోకాళ్ల దాకా బురద అంటుకుని ఉంది. ప్రార్థన అయిపోయింది, మగవాళ్లు పారలతో మన్ను పోసి పక్కకు తప్పుకున్నారు. అప్పుడు లూర్దమ్మ గారు కొంగు నడుముకు దోపి, వంగి, రెండు అరచేతులతో ఆ మట్టిని సర్దడం మొదలుపెట్టింది. మిగతా ఆడవాళ్లు కూడా వంగారు. వాన పడుతూనే ఉంది. భుజం భుజానికి తగులుతుండగా, చేలో మాదిరిగానే వరసగా వెనక్కి అడుగు వేస్తూ, వాళ్లు ఆ తడిమట్టిని చదును చేస్తూ ఉన్నారు.