తువ్వాలు వేసిన సీటు

ముందే చెప్పేస్తున్నాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే రకం కాదు. మా వంటింట్లో బొద్దింక కనబడితే, నా మాట మద్దిలపాలెం జంక్షన్ దాటేసరికి అది ఉడుమైపోతుంది. ఈ రాతలోనూ కొన్ని ఉడుములుంటాయి. అవేవో చివర్లో నేనే చెబుతాను.

దెయ్యాల విషయంలో మాత్రం ఎప్పుడూ అబద్ధమాడలేదు. అసలు లేనిదాన్ని ఎంత సాగదీస్తే ఏం లాభం? అద్దె తక్కువని శ్మశానం పక్క సందులో ఏళ్ల తరబడి కాపురమున్నాను. అక్కడ నన్ను భయపెట్టింది ఇంటి ఓనరొక్కడే.

కిందటి వేసవిలో నేనూ మా ఆవిడా, మా వీధివాళ్లు కొందరూ కలిసి నీలగిరి కొండల మీద ఆవిరి రైలెక్కడానికి టూరు వెళ్లాం. మాతోపాటు మా ఆవిడ అన్నయ్య పైడిరాజు బావ వచ్చాడు. ఆయన సబ్బవరం వైపు ప్లాట్లు అమ్ముతాడు. ఖాళీ జాగా కనబడితే ఆగలేడు. పెళ్లి పంక్తిలో రెండు విస్తళ్ల మధ్య సందున్నా అక్కడ హద్దురాయి పాతేస్తాడు.

నూకాలమ్మ కూడా వచ్చింది. చేపల రేవు దగ్గర మాకు ఏళ్లుగా వంజరం ముక్కలు కోసిచ్చే మనిషి. ఆమె భర్త తాతారావు అంతకుముందు ఏడాది సముద్రం మీదికి వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. నీళ్లు చూసి చూసి ఆయనకి మొహం మొత్తేసిందట. ఒక్కసారైనా భార్యతో పొగబండిలో కొండెక్కాలని ఒకటే పోరు పెట్టేవాడట. అందుకని ఆమె రెండు టిక్కెట్లు తీయించింది, తనకొకటి, ఆయనకొకటి. కిటికీ పక్క సీటు మీద ఆయన గళ్ల తువ్వాలు పరిచి, దాని పక్కన తను కూర్చుంది.

తువ్వాలు వేసిన సీటు జోలికి మనవాళ్లెవరూ పోరు. అది రిజిస్ట్రేషను కన్నా గట్టిది. బావ మాత్రం దాని జోలికే పోయాడు.

"గుడ్డేసినోడు రావాల కదేటి? రాలేదు. మరి సీటు కాళీయే" అన్నాడు. తువ్వాలు లాగి, కిటికీకున్న మసి దాంతోనే తుడిచి, ఆమె ఒళ్లోకి విసిరి కూర్చున్నాడు.

"తప్పు బావా" అన్నాను.

"ఊరుకో బావా. సచ్చినోడికి సీనరీ ఎందుకు?"

నూకాలమ్మ ఏడవలేదు, అరవలేదు. మసి అంటిన తువ్వాలు నిదానంగా మడత పెట్టుకుంటూ, "కూకో బాబూ. నాను లేపను. మా మావొచ్చి లేపుకుంటాడు" అంది. భర్తని ఆమె మావ అనే పిలిచేది. కత్తి ఎక్కడ దించాలా అని చేప వైపు చూసే చూపొకటి ఉంటుంది ఆమెకి. బావని అలాగే చూసింది.

రైలు కదిలింది. చిన్న చిన్న నీలం పెట్టెలు, ఎదురెదురు బల్లలు, వెనకనుంచి తోసే ఇంజను. అది బుస కొడితే చెట్ల మీదున్న తేయాకు అక్కడికక్కడే మరిగి టీ అయిపోయింది. దారిలో ఒక జలపాతం, మన ఊరి డాల్ఫిన్స్ నోస్ కొండ నెత్తిన ఇంకో డాల్ఫిన్స్ నోస్ పెట్టినంత ఎత్తు. నేను బావకి ఎదురుగా కూర్చున్నాను. ఒళ్లో మా ఆవిడ అప్పజెప్పిన పులిహోర డబ్బా. దాని మూత వదులు, కుదుపుకోసారి లేచి కూర్చునేది.

మొదటి సొరంగం వచ్చింది. చీకటి, ఆవిరి, పక్క పెట్టెల్లోంచి ఈలలు. వెలుతురులోకి వచ్చేసరికి బావ సగం సీటు దిగి ఉన్నాడు. ఎవరో భుజం పట్టి తోశారన్నాడు. "తోసింది నేనే బావా" అన్నాను. అందరూ నవ్వారు, నూకాలమ్మ తప్ప.

రెండో సొరంగంలో వాసన. తడి వల, డీజిలు, ఉప్పుగాలి. పొద్దున్నే రేవులో దిగితే ముక్కుకి కొట్టే వాసనే. అక్కడికి సముద్రం ఎన్ని కొండల కింద ఉందో! నూకాలమ్మ కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చుకుంది.

మూడో సొరంగంలో చప్పుడు. పెద్ద చేపని చెక్క మీద కొట్టినట్టు ఒక్కటే దెబ్బ. బయటికొచ్చాక చూస్తే బావ లేచి నిలబడి ఉన్నాడు. నీలం చొక్కా వీపు మీద అరచెయ్యంత తడి, ఐదు వేళ్లతో సహా. ఆయన వెనక చెక్క గోడ తప్ప ఏమీ లేదు.

ఇంజను ఆవిరి కొట్టి తడిసి ఉంటుందన్నాడు టూరు కుర్రాడు. మేమందరం చాలా సంతోషంగా నమ్మేశాం.

బావ నమ్మలేదు. నా పక్కనే ఉన్న తన సొంత సీట్లో కూడా కూర్చోలేదు. మా మోకాళ్ల మధ్య ఇరుక్కుని, పై కమ్మీ పట్టుకుని వేలాడాడు. నూకాలమ్మ మసి వైపు కిందికి తిప్పి తువ్వాలు మళ్లీ పరిచింది. "సూడు మావా, ఎంత లోయో" అంటూ ఖాళీ సీటుకి కొండలు చూపించడం మొదలెట్టింది.

ఇంజనుకి నీళ్లు పట్టడానికి రైలు ఆగిన చోట బావ తప్పయిపోయిందన్నాడు.

"నన్నడగతావేటి? మావనడుగు."

తగాదాల్లో ఎస్సై ముందు కూడా తగ్గని మనిషి, ఆ గళ్ల గుడ్డకి రెండు చేతులూ జోడించాడు. నూకాలమ్మ సీటు వైపు కాసేపు చెవొగ్గినట్టు చూసి, "ఇంకా కూకోమన్లేదు" అంది.

పైస్టేషను దాకా బావ నిలబడే వచ్చాడు. ఆమె ఒక్కసారి కూడా జాలిపడలేదు.

సాయంత్రం లాడ్జిలో చొక్కా ఆరింది. వీపు మీద తెల్లగా ఐదు వేళ్లు తేలాయి. మా ఆవిడ గోటితో గీకి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు. చెమటంటారేమో, చెమటకి వేళ్లుంటాయా? ఆవిరంటారేమో, ఆవిరికి ఉప్పెక్కడిది?

ఇక ఉడుముల సంగతి. తేయాకూ జలపాతం వదిలేయండి, వాటిని మీరెలాగూ నమ్మలేదు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే. మొదటి సొరంగంలో బావని తోసింది నేను కాదు. నా రెండు చేతులూ పులిహోర డబ్బా మూత మీద ఉన్నాయి. అప్పుడేదో నవ్వించడానికి అన్నాను. ఇంటికొచ్చాక కూడా బావ నిద్రలేక వణికిపోతుంటే, తోపూ దెబ్బా నావేననీ, వాసన నా సంచిలో ఎండురొయ్యలదనీ ఒట్టేశాను. నమ్మాడు. ఆ రోజునుంచి నాతో మాటల్లేవు. నా మీద పగబట్టి హాయిగా నిద్రపోతున్నాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మొన్న చేపలకి వెళ్తే నూకాలమ్మ వంజరం కోస్తూ, తల కూడా ఎత్తకుండా అంది: "ఏటి బాబూ, మా మావ సేసిన పని నువ్వు సేసినావని సెప్పుకుంటన్నావట? ఇంటే ఊరుకోడు."

అందుకే ఇది రాశాను. అదంతా ఎలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. తాతారావు గారూ, తోసింది మీరే. కొట్టిందీ మీరే. అందులో నాకు ఏ వాటా లేదు.