గంట కొడితేనే అన్నం

మదనపల్లెలోని ఆ అనాథ పిల్లల హోమ్‌లో గంట కొట్టేదాకా ఒక్క పిల్ల కూడా కంచం ముట్టదు. గంట కొట్టాలి, వరుసగా కూర్చోవాలి, ప్రార్థన కావాలి, ఆ తర్వాత వార్డెన్ "తినండి" అనాలి. చూడవచ్చిన పెద్దమనుషులకు వార్డెన్ ఇదే చూపించి మురిసిపోయేది. వాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

పుంగనూరులో టీచరుగా రిటైరయ్యాక శనివారాలు అక్కడికి వెళ్లేదాన్ని. నా అన్నవాళ్లు లేని ఆడపిల్లలు. పద్దెనిమిదేళ్లు నిండగానే బయటికి పంపేస్తారు. ఆలోపు గ్యాస్ పొయ్యి వెలిగించడం, ఏటీఎం వాడటం, ఇంటివాళ్లతో అద్దె మాట్లాడటం, బస్సులో ఎవడైనా మీద పడితే గట్టిగా అరవడం నేర్పేదాన్ని.

ఒక ఏడాది అలా బయటికొచ్చిన పిల్ల ఒకతి అన్నీ చకచకా నేర్చుకుంది. కుప్పంలో ఒక బట్టల షాపులో పని దొరికింది. షాపు వెనక వీధిలోనే గది చూసి, స్టవ్వు, బియ్యం, గిన్నెలు అమర్చి వచ్చాను. పని పోతే గదీ పోతుంది. హోమ్ మళ్లీ చేర్చుకోదు. వెనక్కి వెళ్లడానికి ఆ పిల్లకు ఇల్లంటూ లేదు.

వారం తిరక్కముందే షాపు యజమాని ఫోన్ చేశాడు. చీరలు మడతపెడుతూ కళ్లు తిరిగి పడిపోయిందట, అదీ రెండోసారట. జబ్బు మనిషిని అంటగట్టానని నిష్ఠూరమాడాడు. "ఇంకోసారి పడితే పన్లో పెట్టుకోనమ్మా" అని తేల్చేశాడు.

దొరికిన బస్సెక్కి వెళ్లాను. గదిలో బియ్యం పోసినవి పోసినట్టే ఉన్నాయి. మధ్యాహ్నం షాపులో అందరూ అన్నం డబ్బాలు తీసుకుని మేడ మీదికి పోతే, ఈ పిల్ల కౌంటరు దగ్గరే నిలబడేదట. రాత్రి ఇంటావిడ పిలిచి ఏదైనా పెడితే తినేది, లేకుంటే నీళ్లు తాగి పడుకునేది. ఎందుకని అడిగితే తల దించుకుంది.

"ఎవురూ తినమనలేదమ్మా."

అక్కడినుంచే వార్డెన్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాను. మా పిల్లలకు అంత క్రమశిక్షణ అంది ఆ మహాతల్లి, గొంతులో గర్వంతో. ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. ఆకలిని కూడా అడిగి తెచ్చుకునేలా పెంచి, దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నారు. చప్పట్లు కొట్టిన పెద్దమనుషుల్లో ఒక్కరైనా ఈ పిల్ల పడిపోయినప్పుడు పట్టుకున్నారా?

ఆ సాయంత్రం అన్నం వండింది. చారు పోసుకుంది. కంచం ముందు పెట్టుకుని నా మొహం చూస్తూ కూర్చుంది. "తిను" అనే మాట నోటిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టాను. ఇప్పుడు నేనంటే, రేపు షాపులో ఎవరంటారు? అన్నం చల్లారిపోతోంది.

"ఆకలైతాండాదా?" అన్నాను చివరికి.

చాలాసేపు ఆలోచించింది. ఆ మాట తననెప్పుడూ ఎవరూ అడిగినట్టు లేదు.

"అయితాండాదమ్మా."

"మళ్ల నా మొగం యాల సూస్తావు?"

ముద్ద కలిపింది. నోటి దగ్గరికి తీసుకెళ్లి, ఆగి, ఒకసారి తలుపు వైపు చూసింది. తర్వాత తింది.

కొన్నాళ్లకు తనే ఫోన్ చేసింది. పని ఉందా పోయిందా అని ముందు అదే అడిగాను.

"ఇంగా టయిం కాలేదని సారు అరిసినాడమ్మా. నాకు ఆకలైంది. తినేసినా."