ముదురాకుపచ్చ కారు, టమాటా అయస్కాంతం

మొన్న శనివారం పొద్దున్న కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి ఉంటే, మా వీధిలో నాలుగిళ్ళ అవతల ఉండే పెద్దాయన గరాజ్ తలుపెత్తి, ఎన్నేళ్ళుగానో గుడ్డ కప్పి ఉంచిన కారును మెల్లగా బయటికి తీసి, అద్దానికి ‘ఫర్ సేల్’ అట్ట ఆనించాడు. ముదురాకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, రెండే తలుపులు. అరవైల చివర్లో పెద్ద ఇంజన్లు పెట్టి ఈ డెట్రాయిట్ చుట్టుపక్కలే తయారు చేసిన ఆ రకాన్ని ఇక్కడ మజిల్ కార్ అంటారు. నేను కప్పు పక్కన పెట్టి, ఏం చేస్తున్నానో ఆలోచించకుండానే ఫ్రిజ్ మీదున్న టమాటా ఆకారపు అయస్కాంతాన్ని తీసి కోటు జేబులో వేసుకున్నాను.

నాలాగా డెట్రాయిట్ పక్కనున్న ఈ నోవైలో పెరిగిన తెలుగు పిల్లలకు శనివారం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పొద్దున కూచిపూడి క్లాసు, సాయంత్రం ఎవరో ఒక అంకుల్ ఇంటి బేస్‌మెంట్‌లో పుట్టినరోజు. స్టేజీ ఎక్కగానే నాకు కాళ్ళు కదిలేవి కావు కాబట్టి కూచిపూడి మాన్పించేశారు. బేస్‌మెంట్లలో మెట్ల కింద కూర్చుని, మా ఇంట్లో అమ్మ అట్టపెట్టెల్లో దొరికిన తెలుగు పుస్తకాలు వెంట తెచ్చుకుని చదువుకునేదాన్ని, నన్నెవరూ వెతికేవారు కాదు. అలా ఖాళీ అయిన శనివారం పొద్దున్నల్ని నా పదో ఏట నాన్న తీసుకున్నారు.

నాన్న కార్ల ఇంజనీరు. చదువుకోవడానికి వచ్చిన మొదటి చలికాలంలో బస్టాపులో వణుకుతూ నిలబడి ఉండగా ఇలాంటి ఆకుపచ్చ కారొకటి వచ్చి ఆగిందనీ, దాని చప్పుడు మంచులోంచి తన పాదాల్లోకి ఎక్కిందనీ ఎన్నిసార్లు చెప్పారో. అలాంటిది ఒకటి కొనాలని పేపర్లో ప్రకటనలు చూసి, నన్ను వెంటబెట్టుకుని ఊళ్ళ వెంట తిరిగేవారు. ఇక్కడ మంచుకి రోడ్ల మీద చల్లే ఉప్పు కార్ల రేకుల్ని తినేస్తుంది. అమ్మేవాళ్ళు తుప్పు పట్టిన చోట పుట్టీ పూసి పైన రంగు వేసేస్తే కంటికి తెలియదు, అయస్కాంతానికి తెలుస్తుంది. పుట్టీ ఉన్నచోట అది పట్టదు. నాన్న టార్చితో కారు కింద దూరేవారు. నేను అయస్కాంతాన్ని రంగు గీసుకుపోకుండా చేతిరుమాల్లో చుట్టి, ఎనిమిది చోట్ల ఆనించి, పట్టింది, పట్టలేదు అని తెలుగులో చెబుతూ నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఎదుటివాళ్ళకు అర్థం కాదన్న ధైర్యంతో, కొత్తవాళ్ళ ముందు నోరు పెగలని నేను ఆ ఎనిమిది మాటలూ గట్టిగా చెప్పేదాన్ని. ఈరోజుకీ నేను రాసుకునే డైరీ ఆ నోట్‌బుక్ అంచుల్లోనే మొదలైంది. ఫలానా ఇంట్లో కుంటి కుక్క, ఫలానా ఇంట్లో మాడిన రొట్టె వాసన, ఇలాంటివి.

ఇంట్లో ఆ అయస్కాంతం అమ్మ సరుకుల చీటీని ఫ్రిజ్‌కి పట్టి ఉంచేది. ప్రతి శనివారం చీటీ నేలమీద పడేది.

“మళ్ళీ నా టమాటా ఎత్తుకుపోయారా తండ్రీకూతుళ్ళు! కారు లేదు, కాకరకాయ లేదు!” అని అమ్మ కేకలేసేది.

ఎక్కడో ఒకచోట పుట్టీ తగిలేది, మేం తిరుగుముఖం పట్టేవాళ్ళం. దారిలో పెట్రోలు బంకు దగ్గర డోనట్లు కొనుక్కుని కార్లోనే కూర్చుని తినేవాళ్ళం. వారమంతా ఆఫీసు ఆలోచనల్లో ఉండే నాన్న ఆ కాసేపు మాత్రం ఎన్నో కబుర్లు చెప్పేవారు. నాకు తెలిసిన నాన్నంతా ఆ శనివారాల్లోనే ఉన్నారు.

నా పన్నెండో ఏట, భర్త పోయిన ఒకావిడ షెడ్డులో, సరిగ్గా ముదురాకుపచ్చ కారే దొరికింది. కింది నుంచి బయటికి వచ్చిన నాన్న మొహం చూడాలి. బేరం అయ్యేదాకా మొహంలో ఏమీ కనపడనివ్వకూడదని నాకు నేర్పిన మనిషి, చిన్నపిల్లాడిలా నవ్వేస్తూ, “అయిపోయిందమ్మా మన వెతుకులాట. ఇంకెక్కడికీ తిరగక్కర్లేదు” అన్నారు.

ఎనిమిదో చోటు ఒక్కటే మిగిలింది, వెనక ఎడమ చక్రం మీది రేకు. రుమాలుతో సహా అయస్కాంతం నా చేతిలోంచి లాక్కున్నట్టు వెళ్ళి అతుక్కుంది. దాన్ని ఊడబెరికి గుప్పిట్లో దాచుకుని, “పట్టలేదు నాన్నా” అన్నాను.

నాన్న వచ్చి గొంతుక్కూర్చున్నారు. వేలి కణుపుతో రేకు మీద రెండుసార్లు కొట్టి నా వైపు చూశారు. నోట్‌బుక్ తీసుకుని, తన చేత్తోనే ‘పట్టలేదు’ అని రాసి, ఆవిడకు క్షమాపణ చెప్పారు. ఆ రోజూ డోనట్లు కొన్నారు. నాకు మాత్రం మింగుడు పడలేదు. అన్నీ రాసుకునే నేను ఆ అబద్ధాన్ని ఎక్కడా రాయలేదు.

తర్వాత ఇంకో మూడేళ్ళు తిరిగాం, ఏదీ కొనలేదు. నా పరీక్షలొచ్చాయి, నాన్న ఉద్యోగం నార్త్ కరోలినాలోని క్యారీకి మారి అందరం అక్కడికి వెళ్ళిపోయాం, కారు మాట పాతబడింది. చదువయ్యాక నేనొక్కదాన్నే, అమ్మనడిగి ఆ టమాటాని వెంట తెచ్చుకుని, ఉద్యోగానికి మళ్ళీ ఈ ఊరొచ్చాను.

మొన్న పెద్దాయన అనుమతి అడిగి కారు చుట్టూ తిరిగాను. ఎనిమిది చోట్లా అయస్కాంతం పట్టింది. కింద ఎవరూ లేకపోయినా ప్రతిసారీ “పట్టింది” అని పైకే అన్నాను. ఆయన నవ్వి, అయస్కాంతం కూడా ఎందుకు, ఇదిగో విను అంటూ వేలి కణుపుతో రేకు మీద కొట్టాడు. ఖంగుమంది. పుట్టీ అయితే చెక్కలా దబ్‌మంటుందని చెప్పాడు. ఆనాటి షెడ్డులోనూ ఇదే మోత విన్నాను. దాని అర్థం అప్పుడు నాకు తెలియదు, నాన్నకు తెలుసు.

పక్కకి వెళ్ళి ఫోన్ చేశాను. కారు గురించి చెప్పగానే నాన్న అడిగిన మొదటి మాట, “పట్టిందా?”

“అన్ని చోట్లా పట్టింది నాన్నా.”

“అప్పుడూ పట్టిందిలే అమ్మా.”

“తెలిసీ ఎందుకు వదిలేశారు?”

“కొనేస్తే మళ్ళీ శనివారం ఎక్కడికెళ్తాం చెప్పు?”

వచ్చి చూడమన్నాను. కళ్ళు మసకలు, డాక్టర్ డ్రైవ్ చేయొద్దన్నాడు, ఇప్పుడు నాకెందుకులే, నచ్చితే నువ్వు తీసుకో అన్నారు. పెద్దాయనతో ఏమీ తేల్చకుండా, వచ్చే శనివారం మళ్ళీ వచ్చి చూస్తానని చెప్పాను.

ఇప్పుడు కార్లన్నీ ఫోన్లోనే కనపడతాయి, అడుగుభాగం ఫోటోలతో సహా. ఒక్క కారు కోసం రెండు గంటలు వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చే పని ఎవరికీ లేదు. ఇంటికొచ్చి టమాటాని ఫ్రిజ్‌కి తగిలించాను. దాని కింద చీటీ ఏమీ లేదు. ఒక్కదాని సరుకులు రాసుకోకపోయినా గుర్తుంటాయి.